మా పాపకు అక్షరాలు కలిసిపోతున్నాయి, ఎలా నేర్పించాలి?

నమస్తే అండీ. మాది విశాఖ. పాప మూడో తరగతి. కథ చదివి వినిపిస్తే పొల్లుపోకుండా తిరిగి చెబుతుంది. తననే చదవమంటే మాత్రం 'మ'ని 'య' అంటుంది, 'ప'కీ 'వ'కీ తేడా పోల్చుకోలేదు. కళ్లు పరీక్ష చేయించాం, చూపు బాగానే ఉంది. అంటే కన్ను చూసినదాన్ని మెదడు వేరేగా పోల్చుకుంటోందేమో. మొన్న ఆర్కే బీచ్‌లో తడి ఇసుక మీద వేలితో దిద్దిస్తే అవే అక్షరాలు చకచకా చెప్పింది! బళ్లో మాత్రం బద్ధకం అంటున్నారు, మనసు చివుక్కుమంటోంది. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమవడం) లాంటి ఇబ్బందుల్ని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది కదా. విశాఖలో తెలుగులోనే పరీక్షించి చెప్పేవాళ్లు ఉన్నారా? ఇంట్లో ఇలా దిద్దించడం కొనసాగించమంటారా? ఈ దారిలో నడిచిన అమ్మానాన్నలు దయచేసి చెప్పండి.