వేగంగా ముదిరే మతిమరుపు: డిఫ్యూజన్ ఎంఆర్ఐలో కార్టెక్స్ వెంట తెల్లని పట్టీ ఉంటే ప్రియాన్ వ్యాధేనా?

ప్రశ్న (న్యూరాలజీ పీజీ విద్యార్థి):
కొద్ది వారాల్లోనే జ్ఞాపకశక్తి, నడక దెబ్బతిని, చేతులు ఉలికిపాటులా అదురుతున్న ఒక వృద్ధ రోగి ఎంఆర్ఐలో టీ1, టీ2 చిత్రాలు దాదాపు మామూలుగానే ఉన్నాయి. డిఫ్యూజన్ చిత్రాల్లో (కణజాలంలో నీటి కదలికను చూపేవి) మాత్రం ఎడమ పెరైటల్ (పైభాగం), ఆక్సిపిటల్ (వెనుక భాగం) కార్టెక్స్ (మెదడు పైపొర) వెంట తెల్లని పట్టీ ఉంది. మెదడు లోపలి భాగాలైన కాడేట్, ప్యుటామెన్‌లలో మార్పు లేదు. ఈ మధ్యే ఒకసారి మూర్ఛ వచ్చింది. రిపోర్టులో సీజేడీ (క్రాయిట్స్‌ఫెల్ట్-జాకబ్ వ్యాధి: ప్రియాన్ అనే వికృత ప్రోటీన్ మెదడును వేగంగా దెబ్బతీసే జబ్బు) అని రాయవచ్చా?

జవాబు 1 (రేడియాలజిస్టు):
ముందు నీటి కదలికను కొలిచి చూపే ఏడీసీ మ్యాప్ చూడండి. అదే చోట ఏడీసీ తగ్గి, ఫ్లెయిర్ (మరో రకం ఎంఆర్ఐ చిత్రం)లో కంటే డిఫ్యూజన్‌లోనే మార్పు స్పష్టంగా ఉండి, వాపు గానీ కాంట్రాస్ట్ (సిరలోకి ఎక్కించే మందు) పట్టడం గానీ లేకపోతే అనుమానం బలపడుతుంది. కాడేట్, ప్యుటామెన్‌లలో గానీ, టెంపొరల్, పెరైటల్, ఆక్సిపిటల్ ప్రాంతాల్లో కనీసం రెండింటి కార్టెక్స్‌లో గానీ ఈ మార్పు ఉండాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. అక్షరాలా చూస్తే మీ రోగి అందులోకి వస్తారు. అయినా మూర్ఛ తర్వాత కూడా ఒకవైపు కార్టెక్స్ అచ్చం ఇలాగే మెరుస్తుంది కనుక నేనైతే 'సీజేడీ కావచ్చు' అని మాత్రమే రాసి, కొన్ని వారాల తర్వాత మళ్లీ తీయమంటాను. మూర్ఛ వల్ల వచ్చిన మెరుపు సాధారణంగా తగ్గుతుంది, సీజేడీలోనిది విస్తరిస్తుంది.

జవాబు 2 (న్యూరాలజిస్టు):
ఆ వారాలపాటు చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. ఆటోఇమ్యూన్ ఎన్సెఫలైటిస్‌కు (రోగనిరోధక వ్యవస్థే మెదడుపై దాడి చేసే జబ్బు) చికిత్స ఉంది. హిప్పోక్యాంపస్, సింగ్యులేట్ వంటి లింబిక్ (జ్ఞాపకం, భావోద్వేగాలకు సంబంధించిన) భాగాలకే మార్పు పరిమితమైతే మొదట దాన్నే తలచుకోవాలి. గ్లూకోజు, అమ్మోనియా చూసి, థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చి, యాంటీబాడీ పరీక్షలతోపాటు వెన్ను నీటిని ఆర్‌టీ-క్విక్ (ప్రియాన్‌లను పట్టే పరీక్ష)కు పంపండి. సీజేడీలో వెన్ను నీటిలో పెరిగే 14-3-3 ప్రోటీన్ మూర్ఛల తర్వాత కూడా పెరుగుతుంది కాబట్టి ఈ రోగి విషయంలో దానిపై ఆధారపడలేం.

ప్రశ్న అడిగినవారు:
ఏడీసీ తగ్గే ఉంది, కాంట్రాస్ట్ పట్టలేదు. థాలమస్ (మెదడు మధ్యలోని ఒక భాగం) మామూలుగా ఉంది. దీన్ని వ్యతిరేక సూచనగా తీసుకోవాలా?

జవాబు 1 (రేడియాలజిస్టు):
అక్కర్లేదు. థాలమస్ వెనుక భాగమైన పల్వినార్ ప్యుటామెన్ కంటే ఎక్కువగా మెరవడం వేరియంట్ సీజేడీ లక్షణం. 1996లో బ్రిటన్‌లో వెల్లడైన ఆ రూపం ఎక్కువగా చిన్న వయసువారిలో కనిపించింది. స్పొరాడిక్ (తెలిసిన కారణం లేకుండా వచ్చే) రూపంలో థాలమస్ మామూలుగా ఉండటం వింతేమీ కాదు. థాలమస్‌నే ప్రధానంగా దెబ్బతీసే వంశపారంపర్య ప్రాణాంతక నిద్రలేమిలో సైతం ఎంఆర్ఐ తరచు మామూలుగానే ఉంటుంది. అందుకే ఎంఆర్ఐ మామూలుగా ఉందని ప్రియాన్ వ్యాధిని కొట్టిపారేయకూడదు.