డెక్ లైట్లు వేయగానే ఏఐఎస్ పడిపోతోంది, దారేది?
విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోని మరబోటు. 12 వోల్టుల బ్యాటరీ మీద క్లాస్-బి (చిన్న బోట్ల రకం) ఏఐఎస్, అంటే పక్క బోట్లను తెర మీద చూపుతూ, మన బోటు ఎక్కడుందో రేడియోలో వాటికి చెప్పే పరికరం. పగలు బాగానే ఉంటుంది. రాత్రి డెక్ మీద ఎల్‌ఈడీలు వేస్తే చాలు, పక్క బోట్లు తెర మీంచి మాయం, వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఆపద పిలుపుల 16వ ఛానెల్లో ఒకటే బరబర. దీపాలు ఆపితే సర్దుకుంటుంది. ఏఐఎస్ నడిచేది 161.975, 162.025 మెగాహెర్ట్జ్ మీద. ఎల్‌ఈడీ డ్రైవర్ల (దీపాలకు కరెంటు సర్దే సర్క్యూట్ల) రేడియో రొదే దాన్ని మింగేస్తోందనిపిస్తోంది. పైగా మా ఏఐఎస్ ఛానెల్ ఖాళీగా ఉందనుకుంటేనే సిగ్నల్ పంపే రకం, అంటే ఈ రొదను చూసి ఖాళీ లేదనుకుంటే మన బోటూ కోస్ట్ గార్డుకు కనబడకపోవచ్చు. సముద్రం మీదుగా వచ్చి చేసిన 2008 ముంబై దాడుల తర్వాత అలాంటి బోటును ఊరికే వదలరు, అది న్యాయమే.

యాంటెన్నా కేబుల్, కనెక్టర్లు మార్చాం. దీపాల వైర్లకు రొద తగ్గించే ఫెరైట్ రింగులు తొడిగాం. తేడా అంతంతమాత్రమే. వల లాగేది రాత్రే కాబట్టి దీపాలు తీసేయలేం. యాంటెన్నాను దీపాలకు దూరంగా జరపడమా, డ్రైవర్లకు ఫిల్టర్ పెట్టడమా, మీ బోట్లలో ఏది పనిచేసింది?