అప్‌డేట్: ఖైదీల ఓడల్లో మరణాల తేడాకు కారణం తెలిసింది

బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియాకు ఖైదీలను తీసుకెళ్లిన ఓడల్లో, 1788లో చేరిన తొలి బృందం కన్నా 1790లో చేరిన రెండో బృందంలో అంత ఎక్కువమంది ఎందుకు చనిపోయారని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. కాంట్రాక్టు షరతులు చూడమన్న సూచనే ఫలించింది. రెండో బృందానికి ఓడ ఎక్కించిన తలకు సుమారు 17 పౌండ్ల చొప్పున చెల్లించారే తప్ప ప్రాణాలతో దించినందుకు కాదు కాబట్టి, తిండి మిగుల్చుకోవడమే గుత్తేదారులకు లాభమైంది. సుమారు వెయ్యి మందిలో నాలుగో వంతు దారిలోనే పోయారు. పక్కవాడు చనిపోతే అతని వాటా తిండి కోసం, సంకెళ్లలో ఉన్న తోటివారు ఆ శవాన్ని దాచిపెట్టారని చదివాక చాలాసేపు నా మనసు కుదుటపడలేదు. ప్రయాణకాలం కారణం కాదు: తొలి బృందానికి 8 నెలలు పట్టగా దీనికి 5 నెలలే పట్టింది. 1815 నుంచి ఓడల్లో సర్జన్లకు పర్యవేక్షణాధికారం ఇచ్చాక మరణాలు బాగా తగ్గాయి.