సమస్యాపూరణం: "రాజుఁ జంపి మునులు రక్ష యిడిరి"

నిర్వాహకుడు: ఆటవెలది చివరి పాదం ఇచ్చాను, దాన్ని మార్చకూడదు. రాజు దైవాంశ అంటూనే మునులే అతణ్ణి చంపడమేంటి, పైగా అది రక్షేంటి? కానివ్వండి.

పూరణ 1:
వేనుఁ డనెడి ఱేఁడు వేదముల్ విడనాడి
నేనె దైవ మనుచు నిక్కినంత
మంత్రపూతమైన మండు దర్భలఁ బట్టి
రాజుఁ జంపి మునులు రక్ష యిడిరి.

పూరణ 2:
రామవిభుఁడు వచ్చి రణభూమి నెదిరించి
బాణమేసి యసురబలము నణఁచి
తపసు లెల్ల మెచ్చ దశకంఠుఁ డను లంక
రాజుఁ జంపి మునులు రక్ష యిడిరి.

నిర్వాహకుడు: రెండోది కుదరలేదండీ. చంపింది రాముడు, రక్ష ఇచ్చింది మునులు, మధ్యలో "చంపి" ఎవరిది? కర్త మారితే క్త్వార్థకం ("చంపి" లాంటి అసమాపక క్రియ) నిలవదు. ధార మాత్రం బాగుంది.

మొదటిదానికి వస్తే కథ సరైనదే, శాంతిపర్వంలో దర్భలతోనే చంపారు (భాగవతంలో హుంకారంతో). కానీ "మండు" యతి కోసం వచ్చి కూర్చుంది. అసలు లోటు వేరే. వేనుడు పోగానే రక్ష రాలేదు, భాగవతం ప్రకారం దొంగలు చెలరేగి దేశం అరాజకమైంది, ఆ తర్వాతే శవం బాహువులు మథిస్తే పృథువు పుట్టాడు. మూడో పాదం ఇలా చూడండి: "పిదపఁ జేయి చిలుకఁ బృథువు పుట్టుటచేత".

పూరణ 1 కవి: దర్భలు పోతాయి, పర్లేదు, పృథువు వస్తే "రక్ష"కి బలం వచ్చింది. ఇంకోటి, భాగవతంలో వేనుడి వాదనే సరిగ్గా ఇది కదా, దేవతలందరూ రాజు దేహంలోనే ఉన్నారు కాబట్టి యజ్ఞాలు నాకే చేయండి అని!

పూరణ 3:
అష్టదిక్పతులును నంశ మిచ్చిన నేమి
దండనీతి తప్పఁ దానె చెడును
ధర్మ మెల్లరకును దలమీఁద నుండుటన్
రాజుఁ జంపి మునులు రక్ష యిడిరి.

నిర్వాహకుడు: నాకు బాగా నచ్చిన పూరణ ఇదే, పేరు చెప్పకుండానే వేనుణ్ణి పట్టుకుంది. ఒక్క సవరణ: మనుస్మృతి 7వ అధ్యాయం రాజులో చెప్పే ఎనిమిది అంశల్లో సూర్యచంద్రులుంటారు, వాడుకలోని అష్టదిక్పాలకుల్లో వాళ్ల చోట నిరృతి, ఈశానుడు. "అష్టలోకపాలు రంశ" అంటే గణం, యతి రెండూ సరిపోతాయి.

పూరణ 3 కవి: మార్చేస్తానండీ. నా రెండో పాదం కూడా అదే అధ్యాయం నుంచే, ధర్మం తప్పిన రాజుని దండమే బంధువులతో సహా నాశనం చేస్తుందని ఉంది. అవినయం వల్ల చెడినవాళ్లలో వేనుడి పేరూ అక్కడే. ఇక 8వ అధ్యాయమైతే, సామాన్యుడికి ఒక కార్షాపణం (పాతకాలపు నాణెం) జరిమానా పడే తప్పుకి రాజుకి 1000 వేయమంటుంది.