గోల్ఫ్ అంటే నడకా, బండా? మన టోర్నీ రూలు మీద చర్చ

ఫ్రిస్కో_శీను

అందరికీ నమస్కారం. మన డాలస్ తెలుగు బ్యాచ్ అక్టోబరులో ఆడే టోర్నీ ఈసారి నడిచే ఆడాలని నా ప్రతిపాదన. బ్యాగు భుజాన వేసుకోండి, పుష్ కార్ట్ తోసుకోండి, మీ ఇష్టం. ఎక్కి తిరిగే బ్యాటరీ కార్ట్ మాత్రం వద్దు. వాట్సాప్‌లో ఈ మాట అన్నందుకు రాత్రంతా ఫోన్ మోగుతూనే ఉంది, వచ్చినవాటిలో సగం తిట్లే. ఇక్కడైతే ఎవరేమన్నారో కనీసం వెనక్కి వెళ్ళి చదువుకోవచ్చు.

నాకు ఈ బుద్ధి పోయిన ఏడాది 7వ హోల్ (గుంత) దగ్గర పుట్టింది. వాన పడి వెలిసింది కాబట్టి కార్టులు దారి దిగకూడదన్నారు. దారేమో కుడి చివర, నా బంతేమో ఎడమ చివర. మూడు క్లబ్బులు చేతపట్టుకుని ఫెయిర్‌వే (మధ్యలో కత్తిరించిన గడ్డి) అడ్డంగా దాటి వెళ్తే బంతి చెట్టు వేరుకి ఆనుకుని ఉంది. కావలసింది నాలుగో క్లబ్బు. వెనక్కి తిరిగి చూస్తే మా పార్టనర్ కార్ట్ తోలుకుని ముందుకెళ్ళిపోయాడు. డబ్బు కట్టి మరీ, బురదలో, అడ్డదిడ్డంగా నడిచానన్నమాట. అంతకంటే తిన్నగా నడవడమే మేలు కదా?

ఒంటికి మంచిదన్న మాట సరే సరి. డెన్వర్‌లో వోల్కొడాఫ్ అనే ఆయన ఆటగాళ్ళకి మీటర్లు తగిలించి లెక్క తీశాడు. 9 హోల్స్‌కి బ్యాగు మోస్తే 721 కేలరీలు, పుష్ కార్ట్ తోస్తే 718, బ్యాగు కాడీ (బ్యాగు మోసే సహాయకుడు) మోస్తే 613, కార్ట్‌లో కూర్చుంటే 411. ఎనిమిది మంది మీద చేసిన చిన్న పరీక్షేలెండి, అదీ చెప్పేస్తున్నా. మోసినా తోసినా ఒకటే అన్నది మాత్రం చూడండి. మూడు వేల సంవత్సరాల కిందట చక్రం కనిపెట్టినవాడికి దండం పెట్టి తోసుకుందాం.

గడ్డి_పిచ్చి

చక్రం ఇంకా పాతది శీనూ. మిగతాదానికి ఓకే.

టైటానియం_మోకాలు

శీనూ, నువ్వు మా అబ్బాయి ఈడువాడివి కాబట్టి చనువుగా అడుగుతున్నా. ఈ రూలు రాసేటప్పుడు నేను గుర్తొచ్చానా, రాలేదా? రెండేళ్ళ కిందట కుడి మోకాలు మార్పించుకున్నాను. చదును నేల మీద ఒక గంట నడుస్తాను. 18 హోల్స్, ఆ ఎత్తుపల్లాల మీద, నా వల్ల కాదు. ఆ గ్రూపులో నావంటి వాళ్ళం కనీసం అయిదుగురం ఉన్నాం. నోరు తెరిచి చెప్పుకోవడం మిగతావాళ్ళకి నామోషీ, నాకు లేదు.

గోల్కొండ_బోగీ

శీనన్నా, మీ అమెరికాల ఈ లొల్లంతా ఎందుకొచ్చిందంటే మీకు కాడీలు లేరు గద. హైదరాబాద్‌ల నేను పొద్దుగాల ఆరింటికి టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద నిలబడితే మా కాడీ బ్యాగు ఎత్తుకొని తయారుగుంటడు. పదిహేనేండ్ల సంది నా ఆట చూస్తుండు. నేను ఏడు నంబరు ఐరన్ క్లబ్బు అడిగితే ఎనిమిది చేతుల పెడ్తడు, మాట్లాడడు. కరెక్టే అయితది. మొన్న ఎండకు తాళలేక బగ్గీ, అంటే మీ కార్టే, తీసుకున్న. ఆయన వెనుక కడ్డీ పట్టుకొని నిలబడి వచ్చిండు. ఆ దినం ఒక్క మాట గూడ కాలే మా ఇద్దరికి. గ్రీన్ (గుంత చుట్టు నున్నటి గడ్డి) ఎటు వాలుతదో నేనే చూసుకున్న, బంతి గుంతల పడనీకి మూడు పుట్లు పడ్డయ్.

మన దేశంల గోల్ఫ్ నడిచేటోళ్ళ కాళ్ళ మీదనే పెరిగింది. ఢిల్లీల కాడీగ మొదలుపెట్టిన అలీ షేర్ 1991ల ఇండియన్ ఓపెన్ గెలిచిండు. ఆ కప్పు కొట్టిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ ఆయననే. గోల్ఫర్ చౌరాసియా వాళ్ళ నాయిన కలకత్తాల గ్రీన్‌కీపర్. బగ్గీలు నిండినంక గసొంటి పిలగాండ్లు ఆ మైదానంలకు ఏ దారిన వస్తరు చెప్పుండ్రి.

లా_పాయింటు

ఈ పంచాయితీ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి వచ్చిందని ఇక్కడ ఎంతమందికి తెలుసో. కేసీ మార్టిన్ అని ఒరెగాన్ కుర్రాడు, స్టాన్‌ఫర్డ్‌లో టైగర్ వుడ్స్‌తో ఒకే జట్టులో ఆడినవాడు. పుట్టుకతోనే కుడి కాలులో రక్తప్రసరణ లోపం. నడిస్తే నొప్పి ఒక్కటే కాదు, ఎముక విరిగి కాలే పోయే ప్రమాదం. కార్ట్ ఇవ్వమంటే, ప్రొఫెషనల్స్ టోర్నీలు నడిపే పీజీఏ టూర్ ఇవ్వనంది. వికలాంగుల హక్కుల చట్టం కింద కోర్టుకెళ్ళాడు. 2001లో 7–2 తేడాతో గెలిచాడు.

టూర్ వాదన శీను గారి వాదనే: నడక వల్ల అలసట వస్తుంది, అలసటే ఆటలో పరీక్ష. పామర్, నిక్లాస్ అంతటి చాంపియన్లు టూర్ తరఫున చెప్పారు. అయితే శరీరశాస్త్రం ప్రొఫెసర్ ఒకాయన కింది కోర్టులో లెక్క చెప్పాడు: అయిదు గంటల్లో నడకకి ఖర్చయ్యేది సుమారు 500 కేలరీలు, ఒక బిగ్ మ్యాక్ కంటే తక్కువ. జస్టిస్ స్టీవెన్స్ తీర్పు సారాంశం ఏమిటంటే, గోల్ఫ్ అంటే షాట్ కొట్టడం, నడక దానికి ప్రాణం కాదు. అసలు గోల్ఫ్ రూల్స్‌లో కార్ట్ వద్దని ఎక్కడా లేదు. టోర్నీ నడిపే కమిటీ కావాలనుకుంటే పెట్టుకునే లోకల్ రూల్ అది. ఇప్పటికీ అంతే.

విభేదించిన జస్టిస్ స్కాలియా వెటకారం చదివి తీరాలి. 1457లో స్కాట్లండ్ రాజు రెండో జేమ్స్ విలువిద్యకి అడ్డొస్తోందని గోల్ఫ్ నిషేధించాడట, అక్కడినుంచి ఎత్తుకున్నాడు. ఆయన పాయింటులో మాత్రం పస ఉంది: ఏ ఆట రూలైనా మనుషులు ఊరికే పెట్టుకున్నదే, అందులో ఏది ప్రాణం ఏది కాదు అని తేల్చడానికి జడ్జీలెవరు?

ఫ్రిస్కో_శీను

లాయరు గారూ, 500 ఏమిటండీ? నేను పైన చెప్పిన లెక్కలో 9 హోల్స్‌కే 721.

లా_పాయింటు

మీ లెక్కలో నిలబడటం, స్వింగు, అన్నీ కలిసే ఉన్నాయి. ప్రొఫెషనల్స్‌కి బ్యాగు కాడీ మోస్తాడు కదా, కాబట్టి 613లోంచి 411 తీసేయండి. 202. రెండు తొమ్మిదులకి 404. ప్రొఫెసర్ చెప్పినదానికి దగ్గరే ఉంది. మీ సాక్షి మా వైపే మాట్లాడుతున్నాడు.

ఫ్రిస్కో_శీను

సరే, ఆ లెక్క వదిలేశా. కానీ 1964 యూఎస్ ఓపెన్ సంగతి? కాంగ్రెషనల్ కోర్సులో ఆఖరి రోజు 36 హోల్స్, భయంకరమైన ఎండ. కెన్ వెంచురి నీరసించి తూలిపోతూ, డాక్టర్ వద్దన్నా ఆడి గెలిచాడు. ఆ రోజు కార్ట్ ఉంటే అది అంత గెలుపా? 2008 యూఎస్ ఓపెన్‌లో టైగర్ కాలిలో ఎముక చిట్లి ఉండగా 91 హోల్స్ నడిచాడు. అందుకే 2019లో బెత్‌పేజ్ కోర్సులో జాన్ డేలీ అనే ఆటగాడికి మోకాలి నొప్పికని కార్ట్ ఇచ్చినప్పుడు, నేను విరిగిన కాలితో నడిచానుగా అని టైగర్ ఒక్క ముక్కలో తేల్చేశాడు. అదే ఏడాది బ్రిటిష్ ఓపెన్ వాళ్ళు డేలీకి కార్ట్ ఇవ్వనన్నారు కూడా.

టైటానియం_మోకాలు

వెంచురి ముప్ఫై మూడేళ్ళవాడు నాయనా. నాకు అరవై ఏడు. మనం ఆడేది యూఎస్ ఓపెనా? గెలిచినవాడికి ఇచ్చేది స్టీలు డబ్బాలో సున్నుండలు.

ఎడిన్‌బరా_లక్ష్మి

సున్నుండలకైతే నేనూ నడుస్తానండీ.

నేను స్కాట్లండ్‌లో ఉంటాను. ఇక్కడ ఈ ప్రశ్న అడిగితే జనం వింతగా చూస్తారు. గోల్ఫ్‌కి వెళ్ళడమంటేనే నడకకి వెళ్ళడం. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో మామూలు ఆటగాడికి బగ్గీ అన్న మాటే లేదు. ఆదివారం ఆట ఆపేస్తారు, ఊళ్ళోవాళ్ళు కుక్కల్ని తీసుకుని ఆ ఫెయిర్‌వేల మీదే షికారు చేస్తారు. అదేం గొప్ప నియమమని కాదు. ఆ నేల అలా ఉంది. ఒక గ్రీన్ అయ్యాక నాలుగడుగులు వేస్తే తరువాతి టీ. పోయినసారి డాలస్‌లో మా అక్క వాళ్ళింటికి వచ్చినప్పుడు ఒక కోర్సులో ఆడాను. గ్రీన్ దిగి రోడ్డు దాటి, రెండు వరసల ఇళ్ళు దాటి, ఎవరిదో ఈతకొలను పక్కనుంచి వెళ్తే అప్పుడు వచ్చింది తరువాతి టీ. అక్కడ నడవమనడం నడిచేవాళ్ళ మీద కక్ష తీర్చుకోవడమే.

గడ్డి_పిచ్చి

లక్ష్మి గారు అసలు చోట పట్టుకున్నారు. నేను ఇక్కడ ఒక కోర్సులో గడ్డి చూసుకునే పని చేస్తున్నాను. కాబట్టి కిందనుంచి చూసి చెప్తా.

చాలా అమెరికన్ కోర్సులు ఇళ్ళ స్థలాలు అమ్ముకోవడానికి కట్టినవి. ప్రతి ఇంటి వెనకా పచ్చదనం కనబడాలని హోల్స్‌ని సాగదీశారు. కార్ట్ ఉంటుందనే ధీమాతో గీసిన ప్లాను అది. దానికి తోడు కార్ట్ అద్దె క్లబ్బుకి ఆదాయం. కొన్నిచోట్ల నడుస్తానన్నా ఊరుకోరు, కార్ట్ తీసుకోవాల్సిందే.

గడ్డికి మాత్రం కార్ట్ శత్రువే. చక్రం కింద నేల గట్టిపడుతుంది, నీరు దిగదు, వేరు ఊపిరాడక పైపైనే పాకుతుంది. కార్టులన్నీ దారి దిగే చోటు ఒకటి ఉంటుంది, ప్రతి హోల్‌కీ. ఆగస్టులో వచ్చి చూడండి. అక్కడ స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగదు. పక్కనే పది అడుగుల అవతల వెన్నలో దిగినట్టు దిగుతుంది. తాడు కట్టి దారి మళ్ళిస్తాం, రెండు వారాలకి కొత్త చోటు బోడవుతుంది.

దీన్నిబట్టి నా మాట: నడవాలనుకుంటే ముందు కోర్సు మార్చండి, తరువాత రూలు మార్చండి. ఒరెగాన్‌లో బాండన్ డ్యూన్స్ 1999లో నడకకే కట్టారు, అందుకే అక్కడ నడక హాయి.

గోల్కొండ_బోగీ

గడ్డన్న మాట బరాబర్. గీ స్క్రూడ్రైవర్ ముచ్చట మా సెక్రటరీకి పంపుతున్న.

ఫ్రిస్కో_శీను

కోర్సు మార్చడానికి నేను రెడీ. నడవగలిగిన పాత మునిసిపల్ కోర్సు ఒకటి చూసిపెట్టాను, గ్రీనుకీ టీకీ మధ్య దూరం లేదు. ఆరోగ్యం మాట మాత్రం వదలను. స్వీడన్‌లో మూడు లక్షల మంది గోల్ఫ్ ఆడేవాళ్ళ మీద 2008లో పరిశోధన వచ్చింది. అదే వయసు, అదే స్థాయివాళ్ళతో పోలిస్తే మరణాల రేటు 40 శాతం తక్కువ.

లా_పాయింటు

ఆ పరిశోధన గోల్ఫ్ ఆడేవాళ్ళనీ ఆడనివాళ్ళనీ పోల్చింది. నడిచేవాళ్ళనీ కార్ట్ ఎక్కేవాళ్ళనీ కాదు. పైగా ఒంట్లో బాగున్నవాడే గోల్ఫ్‌కి వస్తాడు. అబ్జెక్షన్.

కేసీ మార్టిన్ గురించి ఒక మాట మిగిలిపోయింది. కార్ట్ ఉన్నా ఒక రౌండులో ఆయన మైలుకి పైగా నడవక తప్పదని ఆ తీర్పులోనే ఉంది. బంతి దగ్గరికి, గ్రీన్ మీదికి, బంకర్ (ఇసుక గుంత) లోకి బండి రాదు కదా. 1998 యూఎస్ ఓపెన్‌లో అలాగే ఆడి 23వ స్థానం పంచుకున్నాడు. తరువాత ఒరెగాన్ యూనివర్సిటీ కోచ్ అయ్యాడు. 2021లో ఆ కాలు తీసేయాల్సి వచ్చింది. కార్ట్ వల్ల ఆయనకి వచ్చిన లాభం ఎంతో మీరే తూచండి.

టైటానియం_మోకాలు

చదివాను లాయరు గారూ. ఆ చివరి ముక్క రెండుసార్లు చదివాను.

శీనూ, మీరు పదహారు మంది నడవండి, మా అయిదుగురికి కార్ట్ ఇవ్వండి అని నువ్వు రేపు రాజీకి వస్తావని నాకు తెలుసు. అక్కడే ఉంది ఇబ్బంది. జూన్‌లో అలాగే ఆడాం, గుర్తుందా? మీ ముగ్గురూ కబుర్లాడుకుంటూ నడిచి వస్తున్నారు. నేను నిమిషంలో బంతి దగ్గరికి చేరి, ఇంజను ఆపి, మీ కోసం కూర్చున్నాను. దూరం నుంచి మీ నవ్వులు వినబడుతున్నాయి. దేనికి నవ్వారో మీరొచ్చేసరికి ఆ మాట అయిపోయేది. పద్దెనిమిది హోల్సూ అంతే. మోకాలి నొప్పికి మందుంది.

ఫ్రిస్కో_శీను

బాబాయ్ గారూ, ఇది నాకు తట్టలేదు. నిజంగా.

గోల్కొండ_బోగీ

కార్ట్‌ల రెండో సీటు ఉంటది గద శీనన్నా.

ఫ్రిస్కో_శీను

ఉంటుంది. హోల్‌కి ఒకరు చొప్పున ఎక్కుదాం, మిగతావాళ్ళు నడుద్దాం. నా పుష్ కార్ట్ ఎవరో ఒకరు తోయాలి మరి. బాబాయ్ గారూ, 7వ హోల్ సీటు నాది. అక్కడ మాత్రం మీరు నన్ను వదిలేసి ముందుకెళ్ళకూడదు.

టైటానియం_మోకాలు

నాలుగు క్లబ్బులు తీసుకుని దిగు.