నానోజైమ్ జెల్ షుగర్ పుండుకి పనికొస్తుందా, పేపర్లకేనా?

బఫర్‌బాబు:
షుగర్ పుండ్లకి నానోజైమ్ (ఎంజైమ్‌లా పనిచేసే నానోకణాలు) కలిపిన హైడ్రోజెల్ (నీళ్ళు పట్టి ఉంచే జెల్) అంటూ ఎక్కడ చూసినా రీసెర్చ్ పేపర్లే, నాకైతే నమ్మకం కుదరట్లేదు. 2007లో చైనాలో యాన్ షియున్ గ్రూపు ఐరన్ ఆక్సైడ్ కణాలు పెరాక్సిడేజ్ ఎంజైమ్ చేసే పని చేస్తాయని చూపించింది, బానే ఉంది, కానీ ఆ పని జోరుగా సాగేది పిహెచ్ 3-4 దగ్గర, మానని పుండేమో తరచూ 7 దాటే ఉంటుంది. ల్యాబ్‌లో పుల్లటి బఫర్‌లో (పిహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణం) టీఎంబీ అనే టెస్ట్ రసాయనం నీలంగా మారింది కాబట్టి పుండు మానుతుందంటే ఎట్లా?

జెల్‌పిల్ల:
అందుకే కదన్నా గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ కూడా జెల్‌లో పెట్టేది. పుండులో ఉన్న గ్లూకోజ్‌నే అది గ్లూకోనిక్ యాసిడ్‌గా మారుస్తుంది, పిహెచ్ దిగుతుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ అక్కడే పుడుతుంది, దాన్నుంచి నానోజైమ్ ఫ్రీ రాడికల్స్ (దేన్నైనా ఇట్టే దెబ్బతీసే చురుకైన అణువులు) పుట్టించి బ్యాక్టీరియాని చంపుతుంది. జెల్ లేకపోతే కణాలు ఉప్పునీళ్ళలో ముద్దకట్టేస్తాయి.

బఫర్‌బాబు:
అసలు ఎంజైమ్ త్వరగా పాడవుతుందనే కదా నానోజైమ్ తెచ్చుకుంది! మళ్ళీ అదే ఎంజైమ్ పెడితే కథ మొదటికొచ్చినట్టేగా.

జెల్‌పిల్ల:
బంగారు నానోకణాలు కూడా గ్లూకోజ్‌ని ఆక్సిడైజ్ చేస్తాయి, ఎంజైమే పెట్టాలని రూలేం లేదు. కాకపోతే పుండు రసంలో ప్రోటీన్లు వాటిమీద అతుక్కుని జోరు తగ్గిస్తాయి, అది ఒప్పుకుంటా.

డ్రెస్సింగ్‌రూమ్:
నేను రోజూ కాళ్ళకి కట్లు కట్టేవాణ్ణి, నా బాధ వేరే. చీము పట్టినప్పుడు ఫ్రీ రాడికల్స్ పుట్టించాలి సరే, ఇన్ఫెక్షన్ తగ్గాక అవే కొత్త కండని కాలుస్తాయి కదా. ఆగేదెప్పుడో జెల్‌కి ఎవరు చెప్తారు? ఇంకో మాట, ఎలుక పుండు చాలావరకు చర్మం ముడుచుకుని మూసుకుంటుంది, మన పాదం అట్లా మూసుకోదు, రక్తం సరిగా అందక, అదే చెప్పు వేసుకుని అదే పుండు మీద నడిచే మనిషికి ఏ జెల్ రాసినా ఏం లాభం?

జెల్‌పిల్ల:
డాక్టర్ గారూ, ఐరన్ ఆక్సైడ్ న్యూట్రల్ పిహెచ్‌లో పెరాక్సైడ్‌ని నీళ్ళూ ఆక్సిజన్‌గా విరిచేస్తుంది, అంటే పిహెచ్ పెరిగేకొద్దీ దానంతటదే పని మార్చుకుంటుంది.

డ్రెస్సింగ్‌రూమ్:
బీకరులో మార్చుకుంటుందమ్మా. ఒకే పుండులో ఒక మూల చీము, ఇంకో మూల ఎర్రటి కండ ఉంటే?

బఫర్‌బాబు:
నన్నడిగితే ముందు టెస్ట్ ప్యాడ్‌లు చెయ్యండి. చెమటో మూత్రమో ఒక చుక్క వేస్తే రంగు మారే జెల్, ఒంటి బయటే పని, బఫర్ మన ఇష్టం, కణాలు లోపలికి పోతాయన్న భయం లేదు.

జెల్‌పిల్ల:
ప్యాడ్ చేస్తే పుండు మానదుగా అన్నా 😒