దేవుని దగ్గర ఒప్పుకున్నా మనసు పీకుతూనే ఉంది. నేను అన్యాయం చేసిన ఆ మనిషి దగ్గరికి కూడా వెళ్లాలా?

ఆవగింజ:
అందరికీ వందనాలు. పాపం ఒప్పుకున్నాక, ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడన్న 1 యోహాను 1:9 నమ్మాక కూడా ఏళ్ల తరబడి ఆ బాధ పోకపోతే అది అవిశ్వాసమా? లేక చేయాల్సింది ఇంకా ఏమైనా ఉందా?

ఒలీవకొమ్మ:
అవిశ్వాసమే సిస్టర్. ఒకే పాపాన్ని రోజూ ఒప్పుకుంటుంటే గాయం మానదు. "నా పాపాలన్నీ క్షమించు" అని గుండుగుత్తగా కాకుండా, చేసిన పనిని పేరు పెట్టి ఒక్కసారి చెప్పండి. తేదీ రాసి పెట్టుకోండి. మళ్లీ గుర్తొస్తే ఒప్పుకోవద్దు, స్తుతించండి. కీర్తన 51:4లో దావీదు దేవునికే విరోధంగా పాపం చేశానన్నాడు, ఇంకెవరి పేరూ ఎత్తలేదు.

బెరయ:
ఇంకెవరి దగ్గరికి వెళ్తాడండీ? ఎవరి భార్యను తీసుకున్నాడో ఆ ఊరియాను అప్పటికే చంపించాడు. బతికున్నవాళ్ల సంగతి లేవీయకాండము 6లో ఉంది. అన్యాయంగా తీసుకున్నది మొత్తం ఇచ్చి, పైన ఐదో వంతు కలపాలి. అంటే 100కి 120. అదీ అపరాధ పరిహారార్థబలి తెచ్చిన రోజునే. మత్తయి 5:23-24లో ప్రభువు కూడా అర్పణను బలిపీఠం ముందే వదిలి, ముందు వెళ్లి సమాధానపడమన్నాడు.

ఒలీవకొమ్మ:
ఐదో వంతు మోషే ధర్మశాస్త్రం. మనం కృప కింద ఉన్నాం.

బెరయ:
పన్నులు వసూలు చేసే జక్కయ్య ఎవరూ అడగకుండానే అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. ఆ రోజే ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు అన్నాడు.

ఉదయతార:
నాలుగంతలు దొంగిలించిన గొర్రెకు కదా? ఎద్దుకైతే ఐదంతలు. నిర్గమ 22:1.

ఒలీవకొమ్మ:
అదే చెప్తున్నా. ఏ లెక్క పాటించాలి? ఐదో వంతా, నాలుగంతలా? అనకూడని మాట అన్నందుకు, పరువు తీసినందుకు ఎంత కట్టాలి?

బెరయ:
లెక్క పట్టుకుని అసలు విషయం వదిలేస్తున్నారు. "దేవుడు నన్ను క్షమించాడు" అని స్టేజీ ఎక్కి సాక్ష్యం చెప్తారు. మోసపోయినవాళ్లు కింద కుర్చీల్లో కూర్చుని వినాలి. నేను ఆ కుర్చీల్లో కూర్చున్నవాణ్ణి.

ఒలీవకొమ్మ:
బ్రదర్, మీరు రావాల్సినది రానివాళ్ల తరఫున మాట్లాడుతున్నారు. నేను మునిగిపోతున్నవాళ్ల గురించి మాట్లాడుతున్నా. యేసును పట్టించిన యూదా అందుకు తీసుకున్న 30 వెండి నాణేలు తిరిగిచ్చాడు, నిరపరాధిని అప్పగించానని నోటితో ఒప్పుకున్నాడు. మీరు చెప్పిన రెండూ చేశాడు. "దాంతో మాకేంటి" అన్నారు యాజకులు. వెళ్లి ఉరేసుకున్నాడు. బలహీనుణ్ణి "వెళ్లు, ఒప్పుకో" అని తోసేస్తే ఆ తలుపు దగ్గర ఏ జవాబు వస్తుందో మీకు తెలుసా? దుఃఖం మనిషిని మింగేయకుండా ఆదరించమన్నాడు పౌలు, 2 కొరింథీ 2:7. చావు ఆలోచనలు వస్తుంటే ప్రార్థనతో ఆపకుండా డాక్టరుకూ చూపించాలి.

బెరయ:
యూదా ఎవరికిచ్చాడు? తనను కొన్నవాళ్లకు. తాను అప్పగించిన ప్రభువు వైపు తిరగలేదు. పేతురూ యేసు ఎవరో తెలియదని బొంకాడు, ఏడ్చాడు, కానీ యోహాను 21లో ప్రభువు మూడుసార్లు అడిగితే ఎదురుగా నిలబడి జవాబిచ్చాడు. నేను తోసేయమనడం లేదు. ముందు కాపరితో, అంటే పాస్టరుతో మాట్లాడి, అన్యాయం జరిగిన మనిషికి ఉత్తరం రాయండి. చేసిన పని రాయండి. "మీకు బాధ కలిగి ఉంటే" అన్న మాట వద్దు, "కానీ" వద్దు. డబ్బుంటే ఎంతో, ఎప్పటికో రాయండి. క్షమించమని ఒత్తిడి చేయొద్దు, జవాబు అడగొద్దు. వద్దంటే మళ్లీ రాయొద్దు.

ఆవగింజ:
ఆ మనిషి ఇప్పుడు లేకపోతే?

బెరయ:
సంఖ్యాకాండము 5:8. దగ్గరి బంధువుకు. బంధువూ లేకపోతే యెహోవాకు, అది యాజకునికి చెందుతుంది.

ఉదయతార:
అవతలివాళ్లకు అసలు తెలియని సంగతైతే? చెప్తే ఇంకొకరి కాపురం కూలేదైతే?

బెరయ:
అలాంటిది ఉత్తరంలో పెట్టకూడదు. కాపరి దగ్గరే ఆగాలి.

ఒలీవకొమ్మ:
ఉత్తరం సరే. జవాబు రాకపోయినా నువ్వు క్షమించబడ్డావని తప్పు చేసినవాడికి, అతను ఉత్తరం రాయకముందే చెప్తారా?

బెరయ:
డబ్బు పంపాక చెప్తాను.

ఒలీవకొమ్మ:
అక్కడే మీతో నేను ఏకీభవించను. ముందే చెప్పాలి. లేకపోతే అతను రాసేది క్షమాపణ కొనుక్కోవడానికి.

బెరయ:
ముందే చెప్తే చాలామంది అసలు రాయరు, సిస్టర్.